ఆరు బట్టలు, ఒక గొంగడి

ఆషాఢంలో పాలమూరు వైపు వెళ్లే ఆలోచన మీకేమైనా ఉంటే ముందు ఒక మాట వినండి. అక్కడి ఆకాశాన్ని నమ్మకండి. పొద్దున్న తొమ్మిదింటికి మాడు మాడ్చే ఎండ, పదకొండింటికి కొంగు నిలవనివ్వని గాలి, రెండింటికి వాన, నాలుగింటికి మళ్లీ ఏమీ ఎరగనట్టు ఎండ, తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునే చలి. ఇన్నింటికీ సరిపోయేలా ఆరంటే ఆరు బట్టలతో ఏడాదంతా గడపవచ్చని నేను అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే బాగుండేది. స్టాఫ్ రూంలో నలుగురికీ చెప్పాను.

నేను కాకినాడ దాన్ని. హైదరాబాద్‌లో ఒక కాలేజీలో లెక్కలు చెప్తాను. మా ఇంట్లో బీరువా తలుపు మోకాలితో తోస్తే తప్ప మూసుకోదు. అంత నిండా బట్టలు పెట్టుకుని, పొద్దున్నే కట్టుకోవడానికి ఏమీ లేదని ఏడ్చే మనిషిని నేను. ఒకరోజు ఆ తలుపు ఊడి నా కాలి మీద పడింది. ఆ కోపంలో ఒక పట్టిక మొదలుపెట్టాను. రెండు నేత చీరలు, తొందరగా ఆరే సింథటిక్ చీర ఒకటి, స్వెటర్, శాలువా, వానకోటు. ఇవి ఆరు. లంగాలు, జాకెట్లు లెక్కలోకి రావని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. "ముందు ఓ పది రోజులు ఎక్కడికైనా వెళ్లి బతికి రా, అప్పుడు నమ్ముతాం" అన్నారు మావాళ్లు. సరేనని ఒక్క చేతిసంచితో గద్వాల బస్సెక్కాను.

గట్టు: వానకోటు లేని మధ్యాహ్నం

గద్వాల నుంచి గట్టుకు వేరే బస్సు. అక్కడ మగ్గాల ఇళ్లున్నాయని, జరీ లేకుండా సాదాగా ఒక చీర నేయించుకుంటే నా పట్టికలో ఒక నేత చీరకు బదులు దాన్ని పెట్టుకోవచ్చని నా ఆశ. మగ్గం దగ్గర కూర్చున్నావిడ నా కోరిక మొత్తం విని, అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపి, నన్ను పైనుంచి కిందకు చూసింది.

"జరీ లేకుంటే అది గద్వాల చీర ఎట్లైతదమ్మా? దుప్పటైతది."

అంతటితో ఆ బేరం అయిపోయింది. బయటకొచ్చాక గాలి లేచింది. ఎర్రమట్టి కళ్లలో కొట్టింది. వెంటనే నాలుగు పెద్ద చినుకులు పడ్డాయి. చెయ్యి సంచిలో పెట్టి వెతికితే వానకోటు లేదు. బస్సులో ఎండ మాడ్చేస్తోందని దాన్ని మడిచి పైన సామాన్ల పలక మీద పెట్టినట్టు అప్పుడు గుర్తొచ్చింది. ఆ బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. మొదటి రోజు మధ్యాహ్నానికే ఆరు బట్టలు ఐదయ్యాయి.

రేకుల కప్పు ఉన్న టీకొట్టులోకి పరిగెత్తాను. రెండు రూపాయల టీ, చక్కెర పానకంలా ఉంది. నా పక్కన బల్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. అరవై ఐదు దాటి ఉంటాయి. మోకాళ్ల దాకా పంచె, భుజం మీద తువ్వాలు, నెత్తి మీంచి వీపు కిందదాకా నల్ల గొంగడి.

"ఊట ఐందా?" అని అడిగాడు.

కర్ణాటక పక్కనే కాబట్టి భోజనాన్ని వాళ్ల మాటలో అడిగాడని కాసేపటికి అర్థమైంది. మా వైపు పెద్దవాళ్లను బాబాయ్ అంటాం. నేను "అయింది బాబాయ్ గారూ" అనగానే టీ పోస్తున్న ఆవిడ ఫక్కున నవ్వింది. ఇక్కడ కాక అనాలట. ఆయన పేరు బీరయ్య. గొర్రెల మంద ఉంది. ఏటా వానలు మొదలవగానే చేలల్లో విత్తనాలు పడతాయి కాబట్టి మందను తోలుకుని నల్లమల దిక్కు వెళ్లిపోతారు. మళ్లీ పంటలు కోశాకే రావడం.

నాలుగైదు నెలలు ఆరుబయట ఉండే మనిషి దొరికాడు కదా, నా పట్టిక పరీక్షకు పెడదామనుకున్నాను.

"ఎండకి ఏం వేసుకుంటావ్ కాకా?"

"గిదే."

"ఎండలో గొంగడా?"

"ఎండ పైననే ఆగుతది. లోపట సల్లగుంటది."

"మరి చలికి?"

"గిదే."

"పడుకోవడానికి?"

"సగం కింద, సగం మీద."

"వానకి?"

రేకుల సందులోంచి పడి గొంగడి మీంచి పూసల్లా జారిపోతున్న నీళ్లను గడ్డంతో చూపించాడు. నాకు ఒళ్లు మండింది. రెండు నెలలు కూర్చుని కాలాల వారీగా గళ్లు గీసి, రంగు పెన్సిళ్లతో నింపి తయారు చేసిన లెక్కను ఈయన ఒక్క ముక్కతో కొట్టేశాడు.

ఇంతలో బస్సు హారన్ వినిపించింది. అది ఆగే చోటికి బురదలో బాగా నడవాలి. వాన ఉధృతంగా ఉంది. నేను తటపటాయిస్తుంటే ఆయన లేచి, గొంగడి ఒక మూలను మడిచి టోపీలా చేసి, నా నెత్తిన వేసేశాడు.

"ఏసుకపో బిడ్డా. గద్వాలల కోట ఎనక మా బిడ్డ పద్మ ఉంటది, కండెలు చుడతది. ఎవల నడిగినా చెప్తరు. ఆమెకియ్యి. ఎల్లుండి పొద్దుగాల మంద గద్వాల దాటుతది, నేను తీసుకుంట."

నా పేరు కూడా అడగకుండా ఒంటిమీది గొంగడి తీసి ఇచ్చేశాడు. బస్సెక్కేసరికి నా పాదాలు తప్ప ఏమీ తడవలేదు.

గద్వాల: నేను చేసిన మర్యాద

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. పక్కింటి గిన్నె తోమకుండా తిరిగివ్వం. ఎవరి బట్టయినా కట్టుకుంటే ఉతికి, ఆరవేసి, మడత పెట్టి ఇస్తాం. అమ్మ ఈ విషయంలో ఎంత గట్టిగా ఉండేదంటే, ఎవరో ఇచ్చిన చేతిరుమాలు అలాగే తిరిగిచ్చినందుకు నన్ను వీధి చివరిదాకా వెనక్కి పంపి మళ్లీ తెప్పించింది. ఆ పెంపకం నన్ను గద్వాలలో ముంచింది.

లాడ్జి గదిలో గొంగడి విప్పగానే వాసన గుప్పుమంది. గొర్రె, పొగ, బీడీ, మట్టి, ఇంకా ఏవో నాకు తెలియనివి. ఇంత మంచి మనిషికి ఇలా ఇవ్వడమా అనుకున్నాను. కింద దుకాణంలో సబ్బుపొడి ప్యాకెట్ కొన్నాను. లాడ్జి వాళ్లను బతిమాలి వేడినీళ్లు తెప్పించాను. బకెట్లో ముంచి, కాళ్లతో తొక్కి, మళ్లీ ముంచి, మళ్లీ తొక్కాను. ఒక్కో బకెట్టు నల్లగా, జిగటగా దిగుతుంటే ఎంత మురికి వదిలిందోనని సంబరపడ్డాను కూడా. ఆ జిగట ఏమిటో అప్పుడు నాకు తెలియదు.

తీరా ఎత్తబోతే గొంగడి లేవలేదు. నీళ్లు తాగి దూడంత బరువైంది. దాన్ని ఈడ్చుకుంటూ వరండాలోకి తెచ్చి, పిట్టగోడ మీద వేసేసరికి నా నడుము విరిగింది. కింద నిలబెట్టిన మోటార్ సైకిల్ మీద నల్లనీళ్లు కారుతున్నాయని లాడ్జి ఆయన రెండుసార్లు పైకి వచ్చి అరిచి వెళ్లాడు. మర్నాడు పొద్దున చూస్తే ఎలా వేసింది అలాగే ఉంది. ఒక్క చుక్క ఆరలేదు.

ముందు పద్మకు చెప్పి వద్దామని కోట వెనక వీధికి వెళ్లాను. ముప్పై ఏళ్ల లోపు మనిషి, రాట్నం ముందు కూర్చుని పట్టుదారం కండెకు ఎక్కిస్తోంది. వాళ్ల నాన్న గొంగడి నా దగ్గరుందని, ఉతికానని, ఆరాక తెస్తానని గొప్పగా చెప్పాను. రాట్నం టక్కున ఆగిపోయింది.

"ఉతికినవా?"

"సబ్బుపొడితో. శుభ్రంగా."

"అయ్యో అక్కా! గొంగడిని ఎవలన్న ఉతుకుతరా? చింతగింజల గంజి పెడితేనే అది వానకు ఆగేది. గా గంజి అంత కడిగి పారబోసినవ్. ఇప్పుడది ఒట్టి బొచ్చు. నీళ్లు పట్టుకుంటది, వదలదు."

ఆ అమ్మాయి కోపం ఆపుకోవడానికి తెగిన పోగును రెండుసార్లు ముడివేసింది.

"మా నాయినకు అదొక్కటే ఉంది. పోయినేడు వానల తడిసి నిమ్ము చేసి దవాఖానల పది దినాలున్నడు. డాక్టరమ్మ మళ్లొకపాలి తడిస్తే కష్టమన్నది."

ఆ పూట ఇద్దరం లాడ్జికి వచ్చి గొంగడిని చెరో కొసా పట్టుకుని పిండాం. నల్లనీళ్లు నా చీర మీద పడకుండా పద్మ తన వైపుకే వంచుకుంటోంది. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. తిట్టినా బాగుండేది. మధ్యాహ్నం గంట సేపు ఎండ కాసింది, సరిగ్గా డాబా మీదికి తెచ్చి పరిచాక మబ్బేసింది. ఆ ఆకాశాన్ని చూసి నేను అన్న మాటలు ఇక్కడ రాయలేను.

మూడో రోజు తెల్లవారి, తడి గొంగడిని గోనెసంచిలో కుక్కుకుని, రిక్షా మాట్లాడుకుని ఏడింటికి కోట వెనక్కి చేరాను. వీధి నిండా గొర్రె పెంటికలు. మంద చీకటితోనే దాటిపోయింది.

"ఏమన్నాడు?" అని అడిగాను.

"ఏమన్లే. నవ్విండు. యూరియా సంచి ఒక మూల లోపటికి నూకి ఇచ్చిన. నెత్తిన ఏసుకొని పోయిండు."

యూరియా సంచి వాన ఆపుతుంది గానీ చలి ఆపదు, పరుచుకుంటే తేమ ఆపదు. నెలల తరబడి పగలూ రాత్రీ పొలాల్లో ఉండే మనిషికి అదెందుకూ చాలదు. పద్మకు పని వదిలి వెళ్లే వీల్లేదు. వనపర్తిలో ఆమె మేనత్త చెన్నమ్మ ఉందట, గొంగళ్లు నేసిన మనిషి, గంజి పెట్టడం ఆమెకు తెలుసు. మంద ఐదారు రోజులకు ఉప్పునుంతల చేరుతుంది. అక్కడ ఒక ఆసామి ఏటా ఎరువు కోసం తన చేలో మంద పెట్టించుకుంటాడు.

"నేను తీసుకెళ్తాను" అన్నాను.

"నీకెందుకక్కా గింత పరేషాన్" అంది కానీ వద్దని మాత్రం అనలేదు.

వనపర్తి: చెన్నమ్మ పంతులమ్మ

వనపర్తి బస్సులో నా సంచి చుట్టూ రెండు సీట్లు ఖాళీ అయ్యాయి. కండక్టర్ ముక్కు మూసుకుని వచ్చి "మేకపోతా అమ్మా లోపట?" అన్నాడు. గొంగడి అంటే నమ్మలేదు. మూతి విప్పి చూపించాక కూడా సామాను టికెట్ కొట్టాడు. కృష్ణ దాటుతుంటే అందరూ దండం పెట్టి చిల్లర విసిరారు. నేను మాత్రం సంచి కింద చేరిన నల్ల మడుగును చెప్పుతో తుడుస్తూ నదిని చూడనే లేదు.

చెన్నమ్మ బీరయ్యకు అక్క. డెబ్బై దాటినా నడుము నిటారుగా ఉంది. నేను చెప్పిందంతా గుమ్మంలో నిలబడే విన్నది.

"ఏం పని జేస్తవ్?"

"పిల్లలకు లెక్కలు చెప్తానమ్మా."

"లెక్కల పంతులమ్మవా. చీర ఉతుకుతరు, సరే. ఇల్లు ఉతుకుతరా? మా తమ్ముని ఇల్లది. ఇల్లును నీళ్లల్ల ముంచినవ్."

తప్పయిందన్నాను. తప్పు సంగతి తర్వాత, ముందు చింతగింజలు పట్టుకు రా అంది. ఆ వీధిలో ఇంటింటా చింతపండు కొట్టి గింజలు పక్కన పోసుకున్నారు. అడిగితే చేటలతో ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. మా వైపు చింతగింజలు పిల్లలు వామనగుంటలు ఆడుకోవడానికే తప్ప ఎందుకూ పనికిరావని అనుకునేవాళ్లం.

ఇక ఆ నాలుగు రోజులు నా బతుకు చెప్పుకోదగ్గది కాదు. గింజలు పెనం మీద వేయించాలి. పైపొట్టు రాలగొట్టాలి. రాత్రంతా నానబెట్టాలి. రోట్లో మెత్తగా రుబ్బాలి. కుండలో పోసి జిగట వచ్చేదాకా కలుపుతూ కాచాలి. అన్నీ నేనే చేశాను. చెన్నమ్మ గడప మీద కూర్చుని ఎంత బాగా చేసినా ఒక తప్పు పట్టింది. నా ఎనిమిదో తరగతి లెక్కల మాస్టారు గుర్తొచ్చాడు.

"ఉండలు గట్టింది. వడగట్టు."

"దేంతో?"

ఆమె నా సంచి వైపు చూసింది. పైన నా సింథటిక్ చీర, తొందరగా ఆరుతుందని గొప్పగా తెచ్చుకున్నది, ఉంది. పల్చగా, నేత సన్నగా, గంజి వడగట్టడానికి పుట్టినట్టే ఉందామెకు. సగానికి చించింది. మసులుతున్న కుండ దింపాల్సి వచ్చినప్పుడు అందుబాటులో మసిగుడ్డ లేక నా స్వెటర్ అందుకుంది. అది రెండు చోట్ల కాలి, ఉన్ని కాలిన కంపు కొట్టింది. ఐదు బట్టలు మూడయ్యాయి.

తిండి సంగతి చెప్పాలి. రెండు పూటలా జొన్నరొట్టె. మా గోంగూరను వీళ్లు పుంటికూర అంటారు. అందులో పచ్చిమిర్చి ఎన్ని వేస్తారంటే మొదటి ముద్దకే నాకు చెవుల్లోంచి పొగలు వచ్చాయి. కాఫీ అన్న మాటే లేదు. నాలుగు రోజులు కాఫీ లేక తలనొప్పి, చింతగింజల పొట్టుతో వేళ్లు కందిపోవడం, పైన ఈ ఆకాశం. నేను రోజుకు ఇరవైసార్లు నా బీరువాను తలుచుకున్నాను. ఆ ముదనష్టపు తలుపు నా కాలి మీద పడకపోతే ఈపాటికి ఇంట్లో ఫ్యాను కింద పేపరు చదువుకుంటూ ఉండేదాన్ని.

గంజి పెట్టడం అసలు పని. మంచం మీద గొంగడి బిగించి కట్టి, ఈతనారతో చేసిన కుంచెతో ఒకే దిక్కుకు రుద్దాలి. ఒక పూత ఆరాక రెండోది. ఆరాలంటే ఎండ కావాలి. ఎండ వచ్చిన క్షణం వీధి చివర నుంచి ఎవరో ఒకరు "పంతులమ్మా, ఎండొచ్చె!" అని కేక వేసేవారు. రెండో రోజుకే వీధి మొత్తానికి నా సంగతి తెలిసిపోయింది. నేనూ, పక్కింటి వాళ్లూ కలిసి మంచాన్ని నాలుగు కాళ్లూ పట్టుకుని బయటికి పరిగెత్తడం, చినుకు పడగానే లోపలికి పరిగెత్తడం. ఒకరోజు ఇలా పదకొండు సార్లు తిరిగాం. లెక్క పెట్టింది నేనే.

అలా తిరిగీ తిరిగీ నాలుగో రోజు సాయంత్రానికి గొంగడి అట్టలా బిగిసింది. చెన్నమ్మ చెంబుతో నీళ్లు చిలకరించింది. నీళ్లు జారి కింద పడ్డాయి. ఒక్క చోట మాత్రం, అరచేయంత మేర, లోపలికి ఇంకాయి.

"ఈడ నీ చెయ్యి సరిగ్గ ఆడలే" అంది. మళ్లీ పూత పెట్టనిస్తుందేమోనని చూశాను. లోపలికి పోయి గంజి కుండ బోర్లించేసింది.

"పొద్దు లేదు. రాత్రి వాడు దగ్గుతుంటడు. రేపే పో. ఇది గట్టిపడనీకె రెండు దినాలు పడతది, అప్పటి దనుక చుక్క తగలనియ్యకు."

కసురుతూనే నాలుగు రొట్టెలు, ఉల్లిగడ్డ మూట కట్టి చేతిలో పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. అలసటతోనో, ఆమె మీద ప్రేమతోనో ఇప్పటికీ చెప్పలేను.

నాగర్‌కర్నూల్: గొంగడి ఉండీ తడిసిన మనిషి

నాగర్‌కర్నూల్ ఇంకా కాస్త దూరం ఉందనగా బస్సు ఆగిపోయింది. వెనక చక్రం పంక్చరు. అదనపు చక్రం కూడా పంక్చరే. దిగి నడవండి అన్నాడు డ్రైవరు, ఏదో పార్కులో షికారుకు పంపుతున్నట్టు. సగం దూరం వచ్చాక వాన పట్టుకుంది.

నా చేతిలో పాలమూరు జిల్లాలోనే వానకు ఆగే మంచి గొంగడి ఉంది. దాన్ని నెత్తిన వేసుకోవడానికి లేదు. చెన్నమ్మ మాట చెవిలో మోగుతోంది. గొంగడిని ముందు శాలువాలో చుట్టి, దారి పక్క దుకాణంలో పన్నెండు రూపాయలకు కొన్న ప్లాస్టిక్ పట్టా దాని మీద చుట్టి, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని, నేను నిలువునా తడుస్తూ ఊళ్లోకి నడిచాను. పట్టాలోంచి గొంగడి అంచు బయటికి కనిపిస్తోంది.

బస్టాండు పక్క మిర్చిబజ్జీల బండి ఆయన నన్ను చూసి గరిటె పట్టుకునే ఆగిపోయాడు.

"గొంగడి పెట్టుకొని తడుస్తున్నవేందమ్మా?"

"ఇది తడవకూడదు."

"తడవద్దనే గదా గొంగడి?"

ఆయనకు ఏమని చెప్పను! ఆయన ఇచ్చిన బజ్జీలు నాలుగు తిన్నాను. మా కాకినాడలో బజ్జీ పొట్టలో వాము, చింతపండు కూరుతారు. ఇక్కడ ఉత్త మిరపకాయే. కారానికి ముక్కు కారుతుంటే వానలో తడిసింది తెలియలేదు. ఆ రాత్రి లాడ్జిలో పొడిగా ఉన్న ఒకే ఒక్క నేత చీర కట్టుకుని, రెండోది కిటికీకి కట్టి, గొంగడిని ఫ్యాను కింద కుర్చీ మీద పెట్టి పడుకున్నాను. కుర్చీ ఒక్కటే ఉండడం వల్ల రొట్టెలు నేల మీద కూర్చుని తిన్నాను.

ఉప్పునుంతల: మంద

మర్నాడు మధ్యాహ్నానికి ఉప్పునుంతల చేరాను. ఆసామి చేను కనుక్కోవడం కష్టం కాలేదు. దూరం నుంచే గొర్రెల అరుపులు, గంటల చప్పుడు వినిపించాయి. గట్టు మీద యూరియా సంచి నెత్తిన వేసుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. దగ్గుతున్నాడు. వారం రోజులుగా నేను భయపడింది అదే.

"కాకా" అన్నాను.

తల తిప్పి చూసి, లేచాడు. "ఓ, ఉతికిన బిడ్డవా! ఊట ఐందా?"

ఏడవకూడదనుకున్నాను, ఏడ్చేశాను. మీ దిక్కు సంగతి తెలియక చేశానని, క్షమించమని అడిగాను. ఆయన కంగారు పడిపోయి తువ్వాలు తీసి ఇవ్వబోయి, అది తడిగా ఉందని మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"ఏడుస్తరా గింతదానికి. మీ దిక్కు గట్లనే ఇస్తరేమో. మంచిగనే అనుకొని చేసినవ్."

"దగ్గు?"

"ఉంది. పోయినేటంత లేదు. రాత్రి పూట జర ఎక్కువైతది."

పట్టా, శాలువా విప్పి గొంగడి చేతికిచ్చాను. వేళ్లతో నలిపి చూశాడు. వాసన చూశాడు. సీసాలోంచి నీళ్లు పోసి చూశాడు. నా చెయ్యి సరిగ్గా ఆడని చోటు వెంటనే దొరికింది ఆయనకు. "మా అక్క ఈడ నిన్ను తిట్టి ఉంటది" అన్నాడు నవ్వుతూ. మూల మడిచి నెత్తిన వేసుకుని మందలోకి నడిచాడు.

గొర్రెలన్నీ ఒక్కసారిగా పక్కకు తప్పుకున్నాయి.

ఆయన నాలుకతో చప్పుడు చేసి పిలిచాడు. ఆ పిలుపుకు వచ్చాయి, నాలుగడుగుల దూరంలో ఆగి ముక్కులు పైకెత్తి మళ్లీ వెనక్కి జరిగాయి. ఆయన ఎటు అడుగేస్తే అటువైపు మంద చీలిపోతోంది. కడిగేసిన గంజి తిరిగి పెట్టగలిగాను గానీ, ఏళ్ల తరబడి ఆ బొచ్చులో పట్టిన వాసనను ఎక్కడి నుంచి తేను? నేను మురికి అనుకుని బకెట్లతో పారబోసింది దాన్నే.

"గొంతు నాదే అంటున్నయి. వాసన ఎవలదో అంటున్నయి" అన్నాడు బీరయ్య. కోపం లేదు, విసుగు మాత్రం కనిపించింది. ఆ విసుగు న్యాయమైనదే. రాత్రి అడవి అంచున మంద చెదిరితే వెతుక్కునేది ఆయనే.

కాసేపు ఆలోచించి గొంగడి తీసేశాడు. మధ్యాహ్నం పూట మంద పడుకునే చోట, తుమ్మ నీడన, దాన్ని నేల మీద పరిచాడు. నేను రెండు రోజులు చుక్క తగలకుండా మోసుకొచ్చిన గొంగడి అది. దాని మీద గొర్రెల్ని తోలాడు. మొదట ఒక్కటీ ఎక్కలేదు. చివరికి మెడలో గంట ఉన్న ముసలి గొర్రె ఒకటి ముట్టెతో వాసన చూసి, గిట్టతో రెండుసార్లు గీకి, మోకాళ్లు మడిచి కూలబడింది. దాని వెనక ఇంకో నాలుగు. దాని మీదే నెమరేశాయి, దాని మీదే పెంటికలు వేశాయి. నా నాలుగు రోజుల చింతగింజల చాకిరీ మీద ఒకటి ఉచ్చ కూడా పోసింది.

గట్టు మీద కూర్చుని చెన్నమ్మ ఇచ్చిన ఆఖరి రెండు రొట్టెలు చెరొకటి తిన్నాం. మూడింటికి మబ్బు కమ్మింది. మొదటి చినుకు పడగానే బీరయ్య లేచి వెళ్లి, గొర్రెల్ని అదిలించి, గొంగడి లాగి, దులపకుండా నెత్తిన వేసుకున్నాడు. మంద మధ్యకు నడిచాడు. ముసలి గొర్రె ఆయన మోకాలికి తల రుద్దుకుంది. మిగతావి మేస్తూనే ఉన్నాయి. ఒక్కటి కూడా పక్కకు జరగలేదు.

"ఇగ పో బిడ్డా, బస్సు పోతది" అన్నాడు. నా దగ్గర వానకోటు లేదని గుర్తొచ్చినట్టుంది. గట్టు మీద పడేసిన యూరియా సంచి తెచ్చి నా నెత్తిన తొడిగాడు.

"ఇది తిరిగియ్యకు. ఉతకకు గూడ."

హైదరాబాద్ వచ్చాక బీరువా తలుపు బాగు చేయించాను. స్టాఫ్ రూంలో పట్టిక ఏమైందని ఇంకా అడుగుతున్నారు. వానకోటు గడిలో కొట్టేసి పక్కన యూరియా సంచి అని రాశాను. ఆ సంచి తలుపు వెనక మేకుకు వేలాడుతోంది, ఇంట్లోకి ఎవరు వచ్చినా ఆ వాసన ఏమిటని అడుగుతారు. నేను ఉతకలేదు.